ఒక్క గుక్కలో వాగు పేరు చెప్పే మామయ్య

నీటి పరీక్షల ఆఫీసులో నది నీళ్ళు పట్టుకొచ్చే మామయ్యకు ఒక్కటే పిచ్చి. తెచ్చిన నీళ్ళు ఒక గుక్క తాగి, అందులో ఏ వాగు నీళ్ళు ఎక్కువ కలిశాయో చెప్పేయాలి. చుట్టరికం లేకపోయినా ఆఫీసంతటికీ ఆయన మామయ్యే.

కొత్తగా వచ్చిన అధికారిణి మొదటిరోజే ఆ ఘనకార్యం చూసి కెవ్వుమంది.

"అయ్యయ్యో, ఉమ్మేయండి! అది బురద!"

"అయిపోయింది మేడమ్, రాసుకోండి. నల్లవాగు పొంగింది. ఒండ్రు దిగుతోంది, ఒడ్డు పొలాలకు ఈ ఏడు ఢోకా లేదు."

ఐదు రోజులు తిప్పలు పడి యంత్రమూ అదే చెప్పింది. ఆమె నోరు వెళ్ళబెట్టింది.

మర్నాడు ఇంకో గుక్క. "కొండవాగు చల్లనీళ్ళు కలిశాయి. చేపలకు ఊపిరాడుతుంది." ఈయనది కడుపా, తొట్టా అని ఆమె రోజూ గుండె పట్టుకునేది.

అంతలో పైనుంచి ఓ కాగితం దిగింది. పిల్లవాగు నదికిచ్చే నీళ్ళు నూటికి ఒక వంతేనట, గోడ కట్టి మూసేస్తారట. సాయంత్రంలోగా ఆమె సంతకం పెట్టాలి.

మామయ్య ఆ పూట మూడు గుక్కలు తాగాడు. "పెట్టకండి మేడమ్! చేపలు గుడ్లు పెట్టేది ఆ వాగులోనే. నది వడికి గుడ్లు నిలవవు. అది మూస్తే రెండేళ్ళలో రేవులో వలలన్నీ ఖాళీ."

"గుడ్ల సంగతి కూడా నాలుకే చెప్పిందా?"

"ఆ... చెప్పింది" అని నసిగాడు.

సంతకం గాభరాలో ఆమె ఇద్దరికీ టీ కలిపింది. ఒక గుక్క తాగి తుపుక్కున ఉమ్మేసింది. పంచదార బదులు ఉప్పు! మామయ్య మాత్రం కప్పు ఖాళీ చేసి, "అమృతం మేడమ్!" అన్నాడు.

ఆమె ఆ ఖాళీ కప్పు లాక్కుని చూసింది. "మీకు రుచే తెలీదా?"

"జ్వరమొచ్చి రుచి పోయింది. పన్నెండేళ్ళయింది."

"మరి ఆ వాగులన్నీ?"

"రేవులో చేపలమ్మే అక్క చెబుతుంది. ఇప్పుడు గేటు బయట ఉన్నది ఆవిడే. మొదట్లో ఆవిడ పేరుతోనే రాశాను. అప్పటి అధికారి 'వాళ్ళకేం తెలుసయ్యా' అని చింపేశారు. నా నాలుక చెప్పిందంటే మాత్రం సంతకం పెట్టారు. ఇక అప్పట్నుంచి తాగుతున్నాను."

"పన్నెండేళ్ళు బురద తాగారా!"

"అక్క మాట కాగితమెక్కాలి కదా మేడమ్."

ఆమె గబగబా మెట్లు దిగింది. అర్జీ పట్టుకుని పొద్దుటినుంచీ గేటు బయటే కూర్చున్న అక్కను వెంటబెట్టుకొచ్చి తన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది. "చెప్పండమ్మా. మీ పేరుతోనే రాస్తాను."

రెండు పేజీలు నిండాయి. 'పిల్లవాగు మూయకూడదు' అన్న మాట కింద ముందు అక్క, తర్వాత అధికారిణి సంతకం చేశారు.

"ఆఫీసు కాగితం మీద నా సంతకమా!" అక్క బిత్తరపోయింది.

అధికారిణి మామయ్య వైపు తిరిగింది. "రేపట్నుంచి ఒక్క గుక్క తాగారంటే ఊరుకోను!"

"హమ్మయ్య! ఆ ముక్క కూడా రాసి సంతకం పెట్టండి మేడమ్" అన్నాడు మామయ్య. "మా ఆవిడకి చూపించాలి, ఊరికే చెబితే నమ్మదు."