మట్టిగుట్ట కింద గోధుమ

తడిసిన యూరియా బస్తా మూతి విప్పితే ముక్కును పొడిచే ఘాటు ఒకటి వస్తుంది. గోదావరిఖనిలో నేను పనిచేసే భూసార పరీక్షా కేంద్రం పక్కనే ఎరువుల దుకాణం ఉంది. వానాకాలమంతా ఆ ఘాటు మా కిటికీలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది. అది సోకినప్పుడల్లా నాకు సుగుణ మేడం గుర్తుకు వస్తారు. మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేను. నాకు మట్టిని చూడటం నేర్పింది కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన ఆమే.

పాఠం మధ్యలో తడి మట్టిని అరచేతిలో తాడులా పేని, వేలికి చుట్టి చూపేవారు. నల్లరేగడి విరగకుండా వంగేది. "నా ఒంటి మీద ఉన్న ఉంగరం ఇదొక్కటే" అని నవ్వేవారు. ఓపిక ఉంటే బాగుపడని నేల లేదని తరచూ అనేవారు. మేము ఆ మాటను పరీక్షల్లో కూడా రాసేవాళ్ళం.

ఆమె చిన్నాన్న లచ్చయ్య నల్లరేగడి చేను ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. సేద్యం మానలేక ఆయన, గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్ట కింద ఒక బీడు ముక్కను చదును చేసుకున్నాడు. గులకరాళ్ళు, బొగ్గుపొడి, వానకు గుట్ట మీది నుంచి జారిన ఇసుక, అదే ఆ నేల. భార్యకు చక్కెర వ్యాధి. దవాఖానలో అన్నం మాని గోధుమ రొట్టె తినమన్నారు. కొన్న పిండి పెట్టనని పట్టుబట్టి, చలికాలపు యాసంగిలో గోధుమ చల్లాడు. పాత చేనులో మంచు తడికీ కొద్దిపాటి యూరియాకూ కంకి నిండేది. ఇక్కడ మొలక లేస్తూనే పసుపెక్కింది.

మేడం మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు. పశువుల పెంట మోయించారు. యూరియాను ఒకేసారి కాక కొంచెం కొంచెంగా, వేపపిండి కలిపి వేయించారు. వేసిన ప్రతిసారీ పైరు ముదురు పచ్చగా తిరిగేది. లచ్చయ్య కాక దారిన పోయేవాళ్ళను నిలబెట్టి, "చూడుండ్రి, మా బిడ్డ చదువు పచ్చగైంది" అనేవాడు. నీళ్ళు పారించిన కొన్నాళ్ళకే అడుగు ఆకులు మళ్ళీ పాలిపోయేవి. నల్లరేగడిలోని బంకమట్టి, కుళ్ళిన ఆకూ పేడా నత్రజనిని పట్టి ఉంచుతాయనీ, ఇక్కడ పట్టేది ఏదీ లేక అది నీటితోపాటు కిందికి దిగిపోతోందనీ ఆమె మాకు వివరించారు. కాక ఆ మాట వినేదాకా ఆగలేదు. మందు తక్కువైందనుకొని ఒక పొద్దున బస్తా మొత్తం గుమ్మరించాడు. ఆకుల కొసలు మాడాయి. గట్టు మీద కూర్చున్న ఆయన భార్య మెల్లగా అంది: "నాకు చక్కెర రోగం, చేనుకు యూరియా రోగం." మేడం కూడా నవ్వారు. ఆ చేనులో ఆమె నవ్వడం నేను చూసింది అదే చివరిసారి.

కోతల నాడు కాక ఒక కంకిని అరచేతుల మధ్య నలిపి ఊదాడు. పొట్టుతోపాటు గింజలూ ఎగిరిపోయాయి. ఖాళీ చేతిని చూసుకుని అడిగాడు.

"ఇది ఎన్నేండ్లకు మన రేగడి లెక్క అయితది బిడ్డా?"

మేమందరం ఆమె ఎప్పుడూ చెప్పే మాట కోసం చూశాం.

"నీ కాలంల కాదు కాకా. నా కాలంల గూడ కాదు."

"నీకు ముందుగాలనే తెలుసా?"

"తెలుసు. తప్పైతే బాగుండని చేసిన."

ఆయన కొడవలి గట్టు మీదనే వదిలి ఇంటికి నడిచాడు. మరుసటి యాసంగికి ఆ ముక్కను దున్నాడు కానీ విత్తనం పెట్టలేదు. ఎందుకని అడిగితే, "పెడితే మల్ల ఆశ పుడ్తది" అన్నాడట. బాగుపడని నేల లేదన్న మాటను మేడం తరగతిలో మరెన్నడూ అనలేదు. పదవీ విరమణ చేసి మంచిర్యాలలో స్థిరపడ్డారు, అక్కడే కన్నుమూశారు.

ఆమె నాకు మిగిల్చింది అబద్ధం చెప్పలేని నోరు ఒకటే. దానివల్ల ఇప్పటిదాకా ఎవరికీ పంట పండలేదు. మొన్న ఆ గుట్టల వైపు నుంచే ఒక రైతు మట్టి తెచ్చి, ఎంత మందు చల్లితే గోధుమ పండుతుందని అడిగాడు. పరీక్ష ముగిశాక, ఎంత చల్లినా ఆ నేలలో పండదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన, మామూలుగా అందరూ బల్ల మీదనే వదిలిపోయే ఆ మట్టి మూటను జాగ్రత్తగా కట్టుకుని, తనతో తీసుకుపోయాడు.