పచ్చీస్ నిమిషాల మోటారు

ప్రపంచంలో ఏ చిప్పు మీదైనా తప్పు లేకుండా నడిచేలా ఒక కంప్యూటర్ భాషను బాగుచేసినవాణ్ణి నేను. రిటైరైన పాలిటెక్నిక్ లెక్చరర్ని, ఈమాత్రం చెప్పుకోనివ్వండి.

చిట్యాల దగ్గర నా మిత్రుడికి బత్తాయి తోట ఉంది. వృత్తి మోటార్ల వైండింగ్. ఆయన బోరు ఇరవై ఐదు నిమిషాలే నీళ్లిస్తుంది. ఆపైన ఉత్తగా తిరిగితే మోటారు కాలిపోతుంది.

"ఊరందరి మోటార్లు నేనే బాగుచేస్త. నా మోటారే కాలితే దుకాణం మొఖం ఎవడన్న చూస్తడా సార్?" అన్నాడు.

పాత వైఫై డబ్బా ఒకటి విప్పి, ఇరవై ఐదు నిమిషాలకు మోటారు ఆపేలా ప్రోగ్రాం రాశాను. ల్యాప్‌టాప్‌లో లెక్క చక్కగా ఆగింది. డబ్బాలోకి ఎక్కించి తోటలో బిగించాం. ఇరవై ఐదు దాటినా మోటారు ఆగలేదు. పైపు దగ్గి, నీళ్లకు బదులు గాలి కక్కింది. ఒక్క ఉరుకున పోయి మోటారు ఆపేశాను.

డబ్బాలో చూస్తే ఆరు వేల నాలుగు వందల నిమిషాలని ఉంది!

"నాలుగు దినాలు నడిపిస్తరా సార్ దీన్ని?"

"ఇరవై ఐదే రాసిన భాయ్."

"పచ్చీసేనా? మల్ల గిట్లెట్ల అయితది?"

పచ్చీస్! ఉర్దూలో ఐదు ముందు, ఇరవై తర్వాత. తెలుగులో ఇరవైదే పెద్దరికం. చిప్పులూ అంతే. నా ల్యాప్‌టాప్ సంఖ్యలోని చిన్న ముక్కను ముందు పెడుతుంది, డబ్బా పెద్ద ముక్కను. ఆ కంప్యూటర్ భాషలో మన ఆజ్ఞలను చిప్పుకు చేరవేసే దుబాసీ పేరు రన్‌టైమ్. ఆ దుబాసీకి ఈ తేడా తెలియదు. ఉర్దూలో రాసింది తెలుగులో చదివేసింది. చిప్పు లెక్కలో పెద్ద ముక్క విలువ రెండు వందల యాభై ఆరింతలు, అందుకే ఇరవై ఐదు కాస్తా ఆరు వేల నాలుగు వందలైంది.

చిప్పు ఏదైనా సరే, చిన్న ముక్కే ముందు వచ్చిందనుకుని చదవమని రన్‌టైమ్‌లో నాలుగు వరుసలు మార్చాను. మర్నాడు మిత్రుడు చేతి గడియారం మీంచి చూపు తిప్పలేదు. సరిగ్గా ఇరవై ఐదుకు టక్కుమని ఆగింది. ఆయన మోటారు మీద చెయ్యి పెట్టి చూసి, "సల్లగనే ఉన్నది" అని నవ్వాడు.

ఏ చిప్పు మీదైనా అన్నాను కదా, అవి రెండే: నా ల్యాప్‌టాప్‌ది, ఆ డబ్బాది. మూడోదని నా పాత ఫోన్‌లో ఎక్కించబోతే ఫోనే పోయింది.

ఇదంతా మిత్రుడికి చదివి వినిపించాను.

"మంచిగనే రాసిన్రు. గని మోటారు బంద్ చేసింది నేను సార్. మీరప్పుడు గట్టు మీద చెప్పులు దేవులాడుతున్నరు."