ముక్కు మేస్త్రి

సబ్బుల ఫ్యాక్టరీలో అతణ్ణి అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. ఇరవై ఏడేళ్లుగా అతని పని ఒకటే. ప్రతి వాయిలోంచీ ఓ ముక్క తీసి వాసన చూడటం, బాగుంటే తలూపడం, లేకపోతే "కంపు" అనడం. ఆ ఒక్క మాటతో వాయి మొత్తం మళ్లీ కరిగించేవారు. వండినవాడి మొహం మాడిపోయినా మేస్త్రికి పట్టేది కాదు.

అలాంటి ముక్కులో, సరిగ్గా వాసన పట్టే నరం మొదట్లో, లక్షల్లో ఒకరికొచ్చే గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. గడ్డ వేళ్లేమైనా మిగిలితే చావాలని ముప్పై మూడుసార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. ముఖానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ వల తొడిగి, బల్లకు బిగించి, మెషిన్ తిప్పుతారు. ఆ కాసేపు నొప్పేమీ ఉండదు. అసలు రోత తర్వాతే. లోపలి పొర మాడి, చీమూ నెత్తురూ కలిసి పెచ్చులు కడుతుంది. రోజుకు నాలుగుసార్లు ఉప్పునీళ్లతో కడుక్కోమని డాక్టరమ్మ చెప్పింది.

మేస్త్రి కడుక్కోలేదు. వాసన చూసేవాడు ముక్కులోకి చుక్క నీరు పోనివ్వడు. జలుబు చేసినా ఆవిరి పట్టడు. రేపు ఇదే ముక్కుతో పనిలోకి వెళ్లాలి కదా అని అతని ధీమా. సీసాడు ఉప్పునీళ్లూ సింకులో వంపేసి, కడుక్కున్నానని భార్యతో అనేవాడు.

ఇరవయ్యో రోజుకి ఆసుపత్రి వరండాలో అతని పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఒకావిడ మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. తనకు ఏ వాసనా తెలియకపోయినా, జనం మొహాలు చూసి, ఇక్కడెక్కడో డ్రైనేజీ పొంగిందని గొణిగాడు మేస్త్రి. భార్య నేలచూపులు చూసింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసి, మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి పీల్చుకుంది. చీము పట్టిందని, ఇలాగే ఉంటే కరెంటు ఆపాల్సి వస్తుందని, మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ లేవచ్చని చెప్పింది.

"కడిగితే వాసన పట్టే గుణం పోతుందమ్మా. అదే నా కూడు."

"ఆ నరాన్ని గడ్డతోపాటే తీసేశాం. ఆ రోజే చెప్పాను మీకు."

చెప్పిన మాట నిజమే. అప్పుడు అతను తలూపాడు, అంతే. ఆ మాట చెవిని దాటి లోపలికి పోలేదు.

ఇంటికొచ్చాక సింకు దగ్గర నిలబడి భార్యను అడిగాడు. "ఆ కంపు నాదేనా?"

"పది రోజులైంది. మీ గురక పడలేక ముందుగదిలో పడుకుంటున్నానంటే నమ్మారు."

"మరి చెప్పవేం?"

"కంపని తేల్చడానికి నేనేమన్నా మేస్త్రినా?"

అతను తల వంచి సీసా నొక్కాడు. ముందు నీళ్లు, తర్వాత నెత్తుటి జీర, ఆ వెనక వేలెడు పెచ్చు, ఆకుపచ్చగా, నల్లగా, తెల్ల సింకులో జారి తూము దగ్గర ఆగింది. భార్యకు డోకొచ్చింది. అయినా కదలకుండా, చీపురుపుల్లతో దాన్ని తూములోకి తోసి కుళాయి విప్పింది.

సీసాలో ఇంకా సగం ఉంది. మేస్త్రి తల రెండో పక్కకి వంచాడు.