రెండో ప్రాణం గారికి చూపించిన మేక

నాకు ఇరవై రెండేళ్లున్న ఆ కాలంలో, మా మార్కాపురంలో నా ఈడు కుర్రాళ్లందరికీ తలా ఒక ఆరాధ్యదైవం ఉండేవాడు. ఒకడికి సినిమా హీరో, ఇంకొకడికి క్రికెటరు. నాకు మాత్రం వీడియో గేముల గురించి రాసే ఒక విలేకరి. ఆయన అసలు పేరు తెలియదు, ముఖం తెలియదు. ఒక తెలుగు వెబ్‌సైటులో ప్రతి శుక్రవారం ‘రెండో ప్రాణం’ అనే కలంపేరుతో రాసేవారు. (ఆటలో చచ్చిపోయినా ఇంకో ప్రాణం మిగిలి ఉంటుంది కదా, అదన్నమాట.) విచిత్రమేమిటంటే, ఆయన రాసిన ఆటల్లో ఒక్కటి కూడా నేను ఆడి ఎరగను. పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తరాలు టైపు చేసేవాడిని. అక్కడి కంప్యూటరు ఒక్క ఉత్తరం తెరవడానికే మూలిగేది. కీబోర్డు మీద, కిటికీ మీద, చివరికి నా మధ్యాహ్నపు అన్నం మీద కూడా రాతి దుమ్మే. ఆ దుమ్ములో కూర్చుని ఆయన వ్యాసం తెరిస్తే చాలు, మంచుకొండలు, నీట మునిగిన నగరాలు కళ్ల ముందుకొచ్చేవి. ఒకసారి ఒక ఆటలోని గుర్రం గురించి, “బురదలో కాలు పెట్టే ముందు అది ఒక్క క్షణం సందేహిస్తుంది. దాన్ని తయారుచేసిన మనిషెవరో గాని, గుర్రాలను దగ్గరగా చూసినవాడు” అని రాశారు. ఆ వాక్యం చదివి, టైపు చేయాల్సిన ఉత్తరం సంగతే మరిచిపోయి, మా యజమాని చేత కడుపునిండా తిట్లు తిన్నాను. తిట్లు పూర్తయ్యాక ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను.

అంతటి మనిషి ఒక శుక్రవారం “ఇదే నా చివరి వ్యాసం” అన్నారు. ఆయన చదివింది పశువుల డాక్టరు చదువట. యర్రగొండపాలెం అవతల ఒక పల్లె ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట, వెళ్లి చేరుతున్నారట. ఆయన రాయకపోతే నాకు ఇక ఆటలే లేవు. కాసేపటికి తేరుకుని ఆ పల్లె పేరు మళ్లీ చూశాను. అది సాక్షాత్తూ మా మేనత్త ఊరు! వెళ్లి కాళ్లావేళ్లా పడైనా మళ్లీ రాయించాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. కాని పశువుల ఆసుపత్రికి ఉత్త చేతులతో ఎలా వెళ్తాం? నెల తిరిగాక, ఒక ఆదివారం బస్సెక్కి అత్త ఇంటికి చేరి, మర్నాడు పొద్దున్నే ఆమె మేకల్లో ఒకదాని మెడకు తాడు కట్టాను.

“దానికేం రోగమురా? శుబ్బరంగా మేస్తా ఉంది గదా!” అంది అత్త.

“ఊరికే చూపిద్దాం అత్తా.”

“ఊరికే చూపిచ్చడానికి అదేమన్నా పెండ్లికూతురా?” అంటూనే చెప్పులేసుకుని మా వెంట బయలుదేరింది. (నా మీద ప్రేమతో కాదు, మేక మీద నమ్మకం లేక కాదు, నా మీద నమ్మకం లేక.)

రేకుల వరండాలో ఏడెనిమిది మంది గొర్రెలతో, ఒక దూడతో కూర్చుని ఉన్నారు. లోపల చొక్కా చేతులు మడిచిన ఒక బక్కపల్చటి మనిషి. ముప్పై దాటి ఉంటాయి. ముక్కు మీదకు జారుతున్న కళ్లజోడును భుజంతో పైకి తోసుకుంటూ దూడకు సూది వేస్తున్నారు. ఈయనే! మా వంతు వచ్చింది.

“ఏమైంది?” అని అడిగారు.

“నీరసంగా ఉంది సార్,” అన్నాను.

“ఎవరికిరా, దానికా నీకా?” అంది అత్త.

వరండా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. మేకను అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు నడిపించమన్నారు. మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, దాని కాళ్లనే చూస్తూ ఉండిపోయారు. బురదలో సందేహించే ఆ గుర్రం గురించి రాసిన మనిషి చూపు ఎలా ఉంటుందో అప్పుడు నా కళ్లతో చూశాను. “ఎడమ ముందుకాలు ఒక పిసరు ఆలస్యంగా పెడతా ఉంది,” అని, గిట్టల సందులోంచి విరిగిన తుమ్మముల్లు ఒకటి మెల్లగా లాగారు. మా అత్త నోరు తెరిచింది. పొద్దస్తమానం ఆ మేకల వెనకే తిరిగే మనిషి ఆమె! “మందకు మందను మేపుతాండా, నాకే కనపళ్లేదు నాయనా,” అంది.

ఆ తన్మయత్వంలో ఊరంతా వినేలా అరిచాను. “సార్, రెండో ప్రాణం మీరే గదా!”

ఆయన ముఖం ఎర్రబడింది. వరండాలో ఒక ముసలాయన దిగ్గున లేచి నిలబడ్డాడు. “రెండో ప్రాణమా? సచ్చిన గొర్రెను గూడా లేపుతాడా ఏంది? నిన్ననే ఒకటి పోయింది, తెమ్మంటావా సామీ?”

ఆ ముసలాయనకు నచ్చజెప్పేసరికి నా తాతలు దిగివచ్చారు. చివరికి జనం పల్చబడ్డాక చేతులు జోడించి అడిగాను. “మళ్లా రాయండి సార్. నా దగ్గర ఆడే కంప్యూటరు లేదు. మీరు రాస్తేనే నేను ఆడినట్టు.”

“ఆడకుండానే చదివినావా? అన్నీ?” అని అడిగారు ఆయన. తలూపాను. చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా అన్నారు. “మాదీ గొర్లు మేపుకునే ఇల్లే తమ్ముడూ, గిద్దలూరు పక్కన. చదువుకు పట్నం పోయి, అక్కడ ఈ రాతల్లో పడినాను. ఫలానా ఆటలో ఫలానాది బాగలేదని ఎన్నిసార్లు రాసినా, అది మారింది లేదు. ఇక్కడ ముల్లు తీస్తే మేక నడుస్తాది.” ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి చూశాక, బస్సులో సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఇక అక్కర్లేదనిపించింది. దండం పెట్టి బయటికి వచ్చాను. దారిపొడుగునా మా అత్త ఎదురైన ప్రతివారికీ డాక్టరును పొగుడుతూనే ఉంది. ఆమెకు ఒక్క పూటలో తెలిసింది నాకు మూడేళ్లుగా తెలుసని చెబుదామనుకున్నాను గాని, చెప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర మంచి కంప్యూటరే ఉంది. ఆయన మెచ్చుకున్న ఆటలన్నీ ఒక్కొక్కటే తెప్పించుకుని, సెలవు రోజుల్లో భక్తిగా ఆడాను. బాగానే ఉన్నాయి. కాని ఆ దుమ్ములో కూర్చున్న కుర్రాడు ఎప్పుడైనా ఎదురైతే చెప్పాలి: నువ్వు చూసినంత బాగా మాత్రం లేవు నాయనా.