అన్న వెళ్లే వేళకు చాయ్ సుట్టీ

శ్రీలంక నుంచి పటాలం తిరిగొచ్చాక మా అన్న ఫౌజు వదిలేసి, షోలాపూర్‌లో ఒక కార్ఖానాలో పనికి కుదిరాడు. పవర్‌లూములను మా వాళ్లు సాంచలంటారు. ఒకరోజు వెనక సాంచె దడేల్మనగానే తుపాకీ పేలిందనుకుని, పక్కనున్న పనివాడి చెయ్యి విరగ్గొట్టాడు. నేరం రుజువైంది. మేజిస్ట్రేటు జైలుకు పంపకుండా, మంచిగా నడుచుకుంటానని ముచ్చలికా రాయించుకుని వదిలాడు, దవాఖానలో మనసు డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలన్న షరతుతో. తప్పితే జైలే.

ఆ డాక్టరు మందుకన్నా అలవాటును నమ్మే మనిషి. మొదట నడుస్తున్న ఒక్క సాంచె పక్కన నిలబడాలి, గుండె దడ తగ్గేదాకా కదలకూడదు. తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. రోజూ నోటుబుక్కులో రాసి, ఇంట్లోవాళ్లు ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం నాది. బి.ఏ. చదివి బడిలో పాఠాలు చెబుతున్నది ఇంట్లో నేనొక్కదాన్నే మరి.

నీలం నగర్‌లో వదిన మేనమామకు కార్ఖానా ఉంది. పొద్దున అన్న అక్కడికి, నేను బడికి. సాయంత్రం, "ఇయ్యాల ఆరు సాంచలు చెల్లె. చెమటలు వట్టినయి గని నిలబడ్డ" అనేవాడు. నేను రాసేదాన్ని. స్టాఫ్ రూములో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఎనిమిదో సాంచె రాసిన మర్నాడు బడికి సెలవు. కళ్లారా చూద్దామని వెళ్లాను. సందులో చప్పుడు లేదు. కరెంటు పోయిందనుకుంటే, లోపల దీపాలు వెలుగుతున్నాయి. పనివాళ్లంతా గడప మీద చాయ్ తాగుతున్నారు. అన్న నూలు మూట మీద కూర్చుని సాసర్‌లో చాయ్ ఊదుకుంటున్నాడు. నన్ను చూసి సాసర్ కింద పెట్టాడు. ఆయన వచ్చే వేళకే రోజూ సాంచలన్నీ ఆపి చాయ్ సుట్టీ ఇస్తారని ఒక పనివాడు మర్యాదగానే చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి వదిన వాకిట్లో బీడీలు చుడుతోంది. మేనమామను బతిమాలింది తనేనని దాచలేదు. "మొదటి దినమే సాంచె కిందికి దూరి ఏడ్సిండు. అందరు చూసిండ్రు. మల్ల గట్లనే నిలవెట్టాల్నా?"

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె రాస్తవు గద. నీకు బుక్కు ముఖ్యం, నాకు మనిషి."

రోగాన్ని దాచిపెడితే మనిషి బాగుపడతాడా అని వాడకట్టంతా వినేలా అడిగాను. ఆమె ఆకు కత్తిరిస్తూనే ఉంది.

నెలాఖరుకు ప్రొబేషన్ అధికారి నోటుబుక్కు తిరగేసి, ఇవన్నీ చూసి పెట్టిన సంతకాలేనా అని అడిగాడు. అన్న నా పక్కనే ఉన్నాడు. చూశానంటే అయిపోయేది. ఒక్కటీ చూడలేదన్నాను. నిజం చెప్పాలనే చెప్పానా, ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్న కసితోనా? ఎవరితోనైనా వాదించి గెలిచే నేను, ఈ ఒక్క వాదం ఇప్పటికీ గెలవలేదు.

ముచ్చలికా రద్దయి ఆరు నెలల శిక్ష పడింది. మళ్లీ ఒక్క సాంచె దగ్గర్నుంచి మొదలుపెడదామని డాక్టరు రాసిన చీటీని కోర్టు ఒప్పుకోలేదు.

జైల్లో చూడబోతే అన్న తిడతాడనుకుని జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆయన నవ్వాడు.

"ఈడ సాంచలు లేవు చెల్లె. మంచిగ నిద్ర వడ్తున్నది."