ఫ్లైఓవర్ కింది దారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అలాంటి నన్ను తీసుకొచ్చి ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి బస్సులో ఆయమ్మగా పెట్టారు. ఎక్కించడం, బెల్టు పెట్టడం, జుట్లు పట్టుకుంటే విడదీయడం, దించడం నా పని. ఇప్పటికీ అదే బస్సు, అదే డ్రైవరన్న. ఒక్క పిల్ల లేదు, అంతే. ఆ ఒక్క పిల్ల కోసం రోజూ పొద్దున నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ పిల్ల అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, అందరికంటే ముందు ఎక్కేది. మాటలు రావు. కిటికీ పక్క తన సీటు కాకుండా ఇంకోటి చూపించామా, బస్సు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేది. తల్లి తనను ఎక్కించి, షేర్ ఆటో పట్టుకుని పంజాగుట్ట పోయేది. అక్కడ చీరలకు ఫాల్స్ కుట్టే దుకాణంలో పని. మేమేమో శ్రీనగర్ కాలనీ సందులన్నీ తిరిగి, పిల్లల్ని నింపుకుని, పంజాగుట్ట చౌరస్తా మీదుగా బేగంపేటలోని బడికి చేరేవాళ్లం.

చౌరస్తాలో చక్రాల కుర్చీ బాబు ఒకడు ఎక్కేవాడు. నేను కిందికి దిగి వాణ్ని ఎత్తుకుని ఎక్కించేదాన్ని. వాళ్లు ఇల్లు మారి వెళ్లిపోయాక అక్కడ ఆగే పని తప్పింది. డ్రైవరన్న హాయిగా ఫ్లైఓవర్ ఎక్కించడం మొదలుపెట్టాడు. సిగ్నల్ లేదు, హారన్ల గోల లేదు. నా నడుముకూ కాస్త సుఖం దొరికింది.

ఆ సుఖం నాలుగు రోజులు కూడా నిలవలేదు. బస్సు ఫ్లైఓవర్ మీదికి రాగానే ఆ పిల్ల చెప్పు తీసి విసరడం మొదలుపెట్టింది. మొదట ముందు సీటు పిల్లాడికి తగిలింది, తర్వాత నా నుదుటికి. బెదిరించాను, బతిమాలాను, బిస్కెట్ ఇచ్చాను. బిస్కెట్ తినేసి మరీ విసిరింది. చెప్పులు విప్పించి నా సంచిలో పెట్టుకుంటే టిఫిన్ డబ్బా విసిరింది. బడిలో మేడం ఆలోచించి, శబ్దానికి భయపడుతోందేమోనని చెవులు మూసే హెడ్‌ఫోన్లు తెప్పించారు. అవి కూడా గాల్లోకి లేచాయి.

చివరికి ఒకరోజు చెప్పు వెళ్లి డ్రైవరన్న మెడకు తగిలింది. బస్సు ఒక్క క్షణం గోడ వైపు ఊగింది. బడి దగ్గర ఆపాక అతను నా వైపు తిరిగి అన్నాడు.

"అక్కా, గిట్లయితే నాతోని కాదు. స్టీరింగ్ మీద చెయ్యి జారితే ఇంతమంది పిల్లలకు ఎవరు జవాబు చెప్తరు?"

అతని మాటలో తప్పేముంది? మేడం కూడా నన్ను పిలిచి చెప్పారు. "ఈ వారం చూద్దామండి. మళ్లీ జరిగితే బస్సు ఆపేస్తాం. వాళ్లే తెచ్చి దింపుకోవాలి."

తెచ్చి దింపేది ఎవరు? దుకాణం తెరవాల్సిన వేళకు తల్లి బేగంపేటలో ఉంటే ఆ పని ఉంటుందా? బస్సు ఆగితే ఆ పిల్లకు బడి ఆగినట్టే. ఆ సంగతి నాకు తెలుసు, తల్లికి తెలుసు. పిల్లకే తెలియదు.

మర్నాడు ఫ్లైఓవర్ మీద లారీ ఆగిపోయి, పోలీసులు బళ్లన్నీ కిందికి మళ్లించారు. నేను ఆ పిల్ల పక్కనే కూర్చుని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాను. చౌరస్తా సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. పిల్ల ఒక చెయ్యి విడిపించుకుని కిటికీ అద్దం మీద టకటకా కొట్టింది. ఏముందా అని నేనూ బయటికి చూశాను. అవతలి ఫుట్‌పాత్ మీద సగం ఎత్తిన షట్టర్ ముందు ఆమె తల్లి, చేతిలో చీపురుతో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి చీపురు కింద పడేసి చెయ్యెత్తి ఊపింది. పిల్ల ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

ఇన్నాళ్లూ ఆ నవ్వు నేను చూడలేదు. రోజూ చౌరస్తాలో ఆగిన ఆ నిమిషంలో నేనెప్పుడూ బస్సుకు ఇటు తలుపు వైపు, కుర్చీ బాబుతో కిందే ఉండేదాన్ని.

సాయంత్రం పిల్లను దింపుతూ తల్లిని నిలదీశాను. "చెప్పొచ్చు కద చెల్లే?"

ఆమె తల వంచుకుంది. "బస్సు పైకెళ్లి పోతున్నదని చూసిన అక్కా. నేను చెయ్యి ఊపుటానికి దారి తిప్పుమని ఎట్ల అడగాలె? ఎవలన్న ఏమన్న అనుకుంటరని ఊకున్న. గిది చెప్పులు ఇసిరేది గందుకేనని నాకు సుత తెల్వది."

డ్రైవరన్నకు చెప్పాను. అతను మెడ తడుముకుని, "చెప్పుదెబ్బలు తినుడు కంటే సిగ్నల్ల నిలవడుడే నయం. రేపటి సంది జర ముందుగాల బయల్దేరుదాం తీ" అన్నాడు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క చెప్పు లేవలేదు. సిగ్నల్ రాగానే పిల్ల అద్దం కొట్టేది, తల్లి చెయ్యి ఊపేది, ఆ వెనకే నేనూ ఊపేదాన్ని. నాకు అలవాటైపోయింది. రోజులో నేను కసురుకోని నిమిషం అదొక్కటే.

మా బడిలో పద్దెనిమిదేళ్లు నిండితే ఉంచుకోరు. మొన్న జూన్‌లో బడి తెరిచిన రోజు, సిగ్నల్ దగ్గర చూస్తే తల్లి పక్కన ఫుట్‌పాత్ మీద ఆ పిల్ల ఉంది. ఇక పగలంతా దుకాణంలోనే కదా. పాత యూనిఫాం, భుజాన సంచి. బస్సు కనబడగానే తల్లి చెయ్యి విదిలించుకుని బళ్ల మధ్యలోంచి వచ్చేసింది. తన కిటికీ దగ్గర నిలబడి బయటి నుంచి అద్దం కొట్టింది. లోపల తన సీట్లో కొత్త పాప కూర్చుని ఉంది. తర్వాత తలుపు దగ్గరికొచ్చింది. ఎక్కించుకోకూడదు. మెట్టుకు అడ్డంగా నిలబడి తలుపు వేయాల్సింది నేనే. వేస్తుంటే చెప్పు తీసి విసిరింది. నా భుజానికి తగిలి లోపల పడింది. వెనకే పరుగెత్తుకొచ్చిన తల్లి తనను పట్టుకుంది. గ్రీన్ సిగ్నల్ పడి బస్సు కదిలింది.

మర్నాడు ఆ చెప్పు తల్లికి ఇచ్చేశాను. బళ్ల మధ్యకు ఉరుకుతుందని భయపడి, ఆ వేళకు పిల్లను లోపలే ఉంచి షట్టర్ దించుతోందట. మేమింకా కింది దారినే పోతున్నాం. డ్రైవరన్న ఇప్పటికీ కాస్త ముందుగానే బస్సు తీస్తాడు. సిగ్నల్ దగ్గర నేను తలుపు కాస్త తెరిచి కూర్చుంటాను. ఒక్క చెప్పు వచ్చి తగిలితే బాగుండు.