ఆకు తిరగేస్తే

మా చెల్లెకు ఇంటర్‌లో కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో ఆయాగా పనిచేస్తూ ఓపెన్ స్కూల్లో చదివింది. అది గట్టెక్కితే నర్సింగ్‌లో చేరవచ్చు. చేరడానికి వయసు హద్దు మాత్రం ఆ ఏడాదితో ముగుస్తుంది.

నేను జనగామలో పత్తి మిల్లు లెక్కలు చూస్తాను. పదో తరగతితోనే నా చదువు ఆగింది. అయినా ఉన్న కార్బన్లనే ఎన్ని రకాలుగా కలపవచ్చో లెక్కపెట్టడం నాకు ఆటలా ఉండేది. ఆదివారాలు రైలెక్కి వెళ్లి చెల్లెతో కూర్చునేవాణ్ణి.

ఫార్ములా ఒకటే అయినా అణువులు వేరువేరుగా ఉండటమే సాదృశ్యం. అంతవరకూ ఆమెకు అర్థమైంది. చిక్కంతా 2-పెంటీన్ దగ్గర వచ్చింది. ద్విబంధానికి అటూ ఇటూ ఉన్న కొమ్మలు ఒకే వైపుంటే సిస్, చెరో వైపుంటే ట్రాన్స్.

"ఒకదాన్ని తిప్పితే ఇంకోటి అయితది గద అన్నా. రెండెట్ల?"

"తిరగదు" అన్నాను. ఎందుకు తిరగదో చూపించలేకపోయాను.

ఆమె అత్తగారిది కొత్తగూడ. అక్కడ నేర్చిన పనే, తీరిక దొరికితే మోదుగాకుల విస్తళ్లు కుట్టేది. పక్కనున్న కట్టలోంచి ఒక చిన్నాకు, ఒక పెద్దాకు తీసి కలిపి పుల్ల గుచ్చింది. ఆకు గిర్రున తిరిగింది. పక్కనే ఇంకో పుల్ల గుచ్చింది. ఇక కదల్లేదు.

"గిదా నీ ద్విబంధం! గీ ముక్క చెప్పనీకి గిన్ని ఆదివారాలు రైలు కిరాయి పెట్టినవా?"

తొడిమెలు రెండూ పైకి ఉంటే సిస్, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే ట్రాన్స్. ఇద్దరం నవ్వుకున్నాం.

పరీక్షలో అదే 2-పెంటీన్ సిస్, ట్రాన్స్ రూపాలన్నీ గీయమని వచ్చింది. హాల్లోంచి మెరిసే ముఖంతో బయటికొచ్చింది.

"నాలుగు గీసిన అన్నా!"

ఉండేవి రెండే. మిగతా రెండేవని అడిగితే అరచేతిలో వేలితో గీసి చూపింది. అవే బొమ్మలు, తిరగేసినవి.

"తిరగేస్తే అదే గదనే, చెల్లే."

"అదే ఎట్లయితది? ఎన్క దిక్కు అయితది. ఎన్క దిక్కు మీద బువ్వ పెడ్తమా?"

విస్తరి కుట్టేవాళ్లకు ఆకు నునుపు ముఖం వేరు, ఈనెలు తేలిన వీపు వేరు. అణువుకు ఆ వీపు లేదు.

చెల్లె పరీక్ష తప్పింది. ఆ ప్రశ్న వల్లేనని కచ్చితంగా అనలేను. పాసవడానికి తక్కువైన మార్కులు మాత్రం ఆ ప్రశ్న మార్కులకంటే తక్కువే. మళ్లీ రాయవచ్చు, కానీ వయసు హద్దు దాటిపోయింది. ఆమె ఇప్పటికీ ఆయాగానే ఉంది.

మొన్న భూపాలపల్లిలో పెళ్లిభోజనానికి పక్కపక్కన కూర్చున్నాం. వడ్డించే హడావుడిలో ఎవరో నా ముందు విస్తరి బోర్లా వేసి పోయారు.

"తిను అన్నా, నీ లెక్కల రెండూ ఒకటే గద" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆమే చెయ్యి చాపి విస్తరిని తిరగేసి, నీళ్లు చల్లి, నా ముందుకు జరిపింది.